గేట్లాయన తమ్ముడు

మా పెదనాన్నను ఎవరైనా మంచివాడంటే నాకు ఒళ్ళు మండుతుంది. చెడ్డవాడంటే ఇంకా ఎక్కువ మండుతుంది. ఆ రెండు మాటలూ ఏళ్ళ తరబడి వింటూనే ఉన్నాను కాబట్టి, ఆయన గురించి చెప్పే పని నేనే నెత్తిన వేసుకున్నాను. మా అమ్మ ఎలాగూ చెప్పదు. పెద్దమ్మ చెప్పడం మొదలుపెడితే ఏడుపుతోనే పూట గడిచిపోతుంది.

ఆయన రిజర్వాయరు మీద గేట్ ఆపరేటరు. ఊళ్ళో సగం మందికి ఆయన అసలు పేరు తెలియదు, 'గేట్లాయన' అంటేనే తెలుస్తుంది. ఆనకట్ట మీద అద్దాల కిటికీలున్న ఒక గది ఉండేది. దాన్ని కంట్రోల్ రూమ్ అనేవారు కానీ, నా కళ్ళకు అది టికెట్లమ్మే గదికంటే కాస్త పెద్దది, అంతే. గోడ మొత్తం మీటలూ, దీపాలూ. ఒక మూల కాళ్ళు అరిగిన కుర్చీ, దాని మీద పెద్దమ్మ కుట్టిచ్చిన దిండు. గది వెనక గేట్లను ఎత్తే మోటార్లు, మనిషి ముంజేయంత లావు ఇనుపతాళ్ళు, వాటికి పూసే గ్రీజు డబ్బాలు. పెదనాన్న ఇంటికొచ్చి ఎంత సబ్బు రుద్దుకున్నా ఆ గ్రీజు వాసన పోయేది కాదు. అన్నం ముద్దలో కూడా అదే వాసన వస్తుందని పెద్దమ్మ గొణిగేది.

పని పైకి చూస్తే చాలా తేలిక. మీట నొక్కితే గేటు లేస్తుంది, ఇంకో మీట నొక్కితే దిగుతుంది. కానీ ఎప్పుడు నొక్కాలి, ఎంతసేపు నొక్కాలి అన్నదాంట్లోనే ఉంది తంటా అంతా. ఎగువన ఇంకో రిజర్వాయరు ఉంది. వాళ్ళు ఎంత వదులుతున్నారో ఫోన్ చేసి చెప్పేవారు. ఇక్కడ గోడ మీద గీసిన కొలబద్దలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చూసి, ఇంజనీరుతో మాట్లాడి, దిగువకు ఎంత వదలాలో తేల్చుకునేవారు. వానాకాలంలో రిజర్వాయరును అంచుల దాకా నింపరు. పైన కాస్త ఖాళీ ఉంచుతారు. ఎగువ నుంచి అనుకోని నీళ్ళు మీద పడితే పట్టడానికి ఆ చోటు. చెప్పాపెట్టకుండా ఎవరైనా భోజనానికి వస్తారేమోనని మా అమ్మ ఎప్పుడూ ఒక మనిషికి ఎక్కువ వండేది చూశారూ, అలాంటి జాగ్రత్తే అది. పెదనాన్నకు ఆ ఖాళీ అంటే ప్రాణం.

మా నాన్న ఆయనకు ఒక్కగానొక్క తమ్ముడు. గుణం మాత్రం అన్నకు ఆమడ దూరం. పెదనాన్నతో పది మాటలు మాట్లాడించాలంటే తల ప్రాణం తోకకొచ్చేది. నాన్న నోరు మూయించాలన్నా అంతే. నాన్న మోటారు మెకానిక్. నది ఒడ్డున తోటలకూ, ఇటుక బట్టీలకూ నీళ్ళు తోడే పంపులుండేవి. గేట్లు ఎత్తే ముందు సైరన్ మోగగానే వాటిని ఊడదీసి గట్టెక్కించాలి, లేకపోతే కొట్టుకుపోతాయి. అందువల్ల పెదనాన్న నీళ్ళు వదిలిన రోజల్లా నాన్నకు చేతినిండా పని.

“అన్నయ్యా, నువ్వు మీట నొక్కితేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. కాస్త ఆ చెయ్యి కదుపు,” అనేవాడు నాన్న, అన్నం తింటూ.

“నోర్మూసుకుని తిను,” అనేవాడు పెదనాన్న.

“ఇంతకీ ఇవాళ నీ నదికి ఒంట్లో ఎలా ఉంది? జ్వరం తగ్గిందా?”

పెద్దమ్మకు పొలమారేది నవ్వాపుకోలేక. పెదనాన్న కళ్ళెత్తేవాడు కాదు గానీ, మీసం చివర మాత్రం కదిలేది. మాది ఒకటే ఇల్లు, రెండు వాటాలు. మధ్యలో వాకిలి, బట్టలుతికే రాయి, ఒక కుళాయి. వాళ్ళకు పిల్లల్లేరు. నేను ఆకలేస్తే ఏ వంటింట్లో ముందు వాసన వస్తే ఆ వంటింట్లోకి వెళ్ళేదాన్ని. అన్నదమ్ములు విడివిడిగా అన్నం తిన్న రోజు నాకు తెలిసి లేదు.

ఇక ఇక్కడ ఒక పద్ధతి గురించి చెప్పాలి. అది ఏ రూలులోనూ లేదు, వద్దని కూడా ఏ రూలూ లేదు. దిగువన నదిలో ఎవరైనా పడిపోతే, వాళ్ళ మనుషులు ఏడ్చుకుంటూ ఆనకట్ట మెట్లెక్కి వచ్చేవారు. నీళ్ళు కాసేపు ఆపమని అడగడానికి. గేట్లు దించితే కొద్దిసేపట్లో దిగువ నది తగ్గిపోతుంది. రాళ్ళూ, ఇసుక తేలతాయి. పడవలవాళ్ళు కొక్కేలూ తాళ్ళూ పట్టుకుని దిగి వెతుకుతారు. ఎంతసేపు ఆపగలరన్నది రిజర్వాయరులో ఎంత ఖాళీ ఉందన్న దాన్నిబట్టి ఉంటుంది. ఆపిన నీళ్ళన్నీ ఆ ఖాళీలోకే చేరాలి కదా.

వచ్చినవాళ్ళను పెదనాన్న తన కుర్చీలో కూర్చోబెట్టేవాడు. తన గ్లాసులో నీళ్ళిచ్చేవాడు. ఎక్కడ పడ్డారు, ఎప్పుడు పడ్డారు, ఒంటి మీద ఏ రంగు బట్టలున్నాయి, ఈ మూడే అడిగేవాడు. ఎలా పడ్డారని ఎన్నడూ అడగలేదు. ఆ తర్వాత పక్కగదిలో ఇంజనీరు ముందు నిలబడి, “ఖాళీ ఉంది, ఆపుకోవచ్చు,” అనేవాడు. ఇంజనీర్లు వచ్చేవారు, బదిలీ అయిపోయేవారు. కొత్తగా ఎవరొచ్చినా మొదట నీళ్ళు నమిలేవారు, తర్వాత సరేననేవారు.

ఒకసారి మా వీధిలో బట్టలు కుట్టే ఆయన కూతురు పడవ మీంచి జారి నదిలో పడింది. పెదనాన్న పూటంతా ఆపించాడు. దొరికింది. ఒడ్డు మీద నుంచి ఎవరో తెల్లగుడ్డ ఊపారు, దొరికిందనడానికి అది గుర్తు. మళ్ళీ నీళ్ళు వదిలే ముందు మూడుసార్లు సైరన్. ఒక్కోదానికీ మధ్య కావలసినంత వ్యవధి. మూడోది మోగాక కూడా ఒక్క గేటునే జానెడెత్తు లేపేవాడు. నదిలో ఎవరైనా మిగిలి ఉంటే కాళ్ళకు తడి తగిలి బయటికి రావాలని. ఆ కుట్టుపని ఆయన తర్వాత దణ్ణం పెట్టడానికి వస్తే, పెదనాన్న వెళ్ళి గ్రీజు డబ్బాల గదిలో దాక్కున్నాడు. “చెప్పడానికేముంది, నీళ్ళు కాసేపు ఆగాయి, అంతే కదా,” అన్నాడట లోపలి నుంచే.

నేను కాలేజీలో చివరి ఏడు చదువుతున్నాను, అది జరిగినప్పుడు.

రోజుల తరబడి వాన. గేట్లు ఎత్తే ఉన్నాయి. నది గట్లు ఒరుసుకుని పారుతోంది. ఆ ఉదయం నీళ్ళు ఇంకా పెంచాలని సైరన్ మోగింది. నాన్న నిలబడే టీ తాగి, సంచీ భుజానికి తగిలించుకుని, “మా అన్నయ్య పిలుస్తున్నాడు,” అంటూ వెళ్ళాడు. పూల మొక్కలు పెంచే ఆయన పంపు గట్టు కింద ఉంది. దాన్ని ఊడదీశాడు, తాడు కట్టాడు, పైనున్నవాళ్ళు లాగేశారు. అయిపోయింది. నాన్న కూడా పైకి వచ్చేశాడు. మళ్ళీ పైపు కోసం దిగాడు. రోజుల తరబడి నాని ఉన్న గట్టు, ఆయనతో సహా జారి నదిలో పడిపోయింది. రెండో సైరన్ ఇంకా మోగలేదు. అంటే ఆయన తప్పేమీ లేదు, సైరన్ కొట్టినవాడి తప్పూ లేదు. పైపు అలా వదిలేసినా పూలతోట ఆయన ఏమీ అనేవాడు కాదు. నాన్నే వదలలేకపోయాడు.

పూలతోట ఆయన గుండెలు బాదుకుంటూ మా ఇంటికొచ్చాడు. అమ్మ ఏడవలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా ఆనకట్ట వైపు పరుగుపెట్టింది. నేనూ వెనకే పరుగెత్తాను. అన్ని మెట్లు మా అమ్మ అలా ఎక్కగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

కంట్రోల్ రూమ్‌లో అప్పటి ఇంజనీరమ్మ ఫోన్‌లో మాట్లాడుతోంది. పెదనాన్న మీటల ముందు నిలబడి ఉన్నాడు. ఆయనకు అప్పటికే ఎవరో చెప్పారు. ఆ సంగతి ఆయన మొహం చూస్తేనే తెలిసిపోయింది.

“బావగారూ, ఆపండి,” అంది అమ్మ. అడిగినట్టు కాదు, కుళాయి కట్టెయ్యమని చెప్పినంత మామూలుగా అంది. ఆపుతారన్న దాంట్లో ఆమెకు అనుమానమే లేదు.

ఇంజనీరమ్మ ఫోన్ పెట్టేసింది. మంచి మనిషి ఆవిడ, ఆ మాట నేను కాదనను. కళ్ళజోడు తీసి తుడుచుకుని పెదనాన్న వైపు తిరిగింది.

“పైనుంచి పెద్ద నీళ్ళు వస్తున్నాయంటున్నారు. మధ్యాహ్నానికి మన దగ్గరికొస్తాయట. ఎన్నన్నది వాళ్ళకే సరిగా తెలీదు. మన దగ్గరున్న ఖాళీకి ఒక గంట ఆపచ్చు. నేను ఒప్పుకుంటాను. అంతకుమించి మాత్రం కుదరదు.” మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని, “మీరు చెప్పండి. ఆపమంటే ఆపేద్దాం,” అంది.

అదీ ఆవిడ చేసిన పని. ఆపమని తను చెప్పి ఉంటే పెదనాన్న మారుమాట్లాడకుండా ఆపేవాడు. వద్దని తను చెప్పి ఉంటే, మా అమ్మ ఆవిడనే జీవితాంతం తిట్టుకుని ఊరుకునేది. రెండూ చేతగాక, మర్యాద చేస్తున్నాననుకుని, అడగకూడని మనిషిని అడిగింది. అది తలుచుకున్నప్పుడల్లా ఇప్పటికీ పళ్ళు నూరుకుంటాను.

పెదనాన్న మా వైపు చూడలేదు. కిటికీలోంచి రిజర్వాయరు వైపు చూశాడు. “గంట ఆపితే ఆ ఖాళీ కాస్తా పోతుంది మేడమ్.”

“పోతుంది. కానీ వాళ్ళు చెప్పినంత రాకపోవచ్చు కూడా.”

“వస్తే అన్నీ ఒక్కసారే ఎత్తాలి. పల్లపు వీధి మునుగుతుంది.”

“మునగచ్చు,” అంది ఆవిడ మెల్లగా. “గంటలో ఇళ్ళు ఖాళీ చేయించే ప్రయత్నం చేద్దాం.”

పెదనాన్న ఇంకా అటే చూస్తున్నాడు. వాన అద్దం మీద కొడుతోంది.

“వద్దు మేడమ్,” అన్నాడు.

అమ్మకు అర్థం కాలేదు. “ఏంటి వద్దు? ఏంటి బావగారూ వద్దంటున్నారు?”

“నీళ్ళు ఎక్కువున్నాయమ్మా. ఇప్పుడు ఆపకూడదు.”

“ఆయనకి ఈతొచ్చు. మీరే కదా నేర్పారు? ఎక్కడో రాయి పట్టుకుని ఉంటారు. కాస్త తగ్గితే చాలు, లేచి వచ్చేస్తారు. కాస్త తగ్గించండి చాలు.” ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది. “అందరికీ ఆపారు కదండీ. దర్జీ గారి అమ్మాయికి ఆపారు. ఎవరెవరికో ఆపారు. మన మనిషికి ఆపరా?”

ఆయన మీటల వైపు తిరిగాడు. పెంచాల్సిన నీళ్ళను మాత్రం ఆ పూట పెంచలేదు, ఉన్నవాటిని తగ్గించనూ లేదు. సొంత తమ్ముడికి ఆయన ఇవ్వగలిగింది అంతే. అమ్మ నేల మీద కూలబడింది. నేను పెదనాన్నను నోటికొచ్చినట్టు తిట్టాను. ఏం తిట్టానో గుర్తు లేదు. తిట్టినందుకు ఇవాళ్టికీ నాకేమీ బాధ లేదు. ఆయన వింటూ మీటల ముందే నిలబడ్డాడు.

మధ్యాహ్నం దాటింది. ఎగువ నీళ్ళు వచ్చాయి. చెప్పినంత రాలేదు, అందులో సగం కూడా రాలేదు. వాన కొండల అవతలి వైపుకు మళ్ళిపోయిందట. ఎగువ రిజర్వాయరు వాళ్ళు ఉన్నదాన్ని తమ దగ్గరే పట్టుకున్నారట. పెదనాన్న బయటికి వెళ్ళి కొలబద్ద చూసొచ్చాడు. మళ్ళీ వెళ్ళి చూసొచ్చాడు. ఇంజనీరమ్మ ఫోన్‌లో ఎవరితోనో, “తక్కువే, చాలా తక్కువే వచ్చింది,” అంటూ, మేమక్కడే ఉన్నామని గుర్తొచ్చి గొంతు తగ్గించింది. ఆయన కాపాడుకున్న ఖాళీ ఒక్క వేలెడు కూడా నిండలేదు. ఒక గంట ఆపి ఉంటే ఏమీ అయ్యేది కాదు. ఒక వీధీ మునిగేది కాదు, ఒక గడపా తడిసేది కాదు. ఆ సంగతి ఆ గదిలో అందరికీ తెలిసిపోయింది, మా అమ్మకు కూడా.

నాన్న దొరకలేదు. నది తగ్గాక పడవలవాళ్ళు రోజులకు రోజులు వెతికారు. దిగువ ఊళ్ళకు కబురు పంపారు. పెదనాన్న డ్యూటీ దిగిన ప్రతిసారీ వాళ్ళతో పాటు మోకాలు లోతు బురదలో తిరిగాడు. ఎక్కడా ఏమీ లేదు. దొరికి ఉంటే ఏడ్చి సాగనంపేవాళ్ళం. దొరకకపోతే ఏం చెయ్యాలో మాకెవరూ చెప్పలేదు.

ఊరు మాత్రం ఊరుకోలేదు. పల్లపు వీధివాళ్ళు, “సొంత తమ్ముడని కూడా చూడలేదు, ఎంత మంచివాడో,” అని గడపగడపకూ చెప్పుకున్నారు. ఆఫీసువాళ్ళు సభ పెట్టి ఆయన్ను సన్మానిస్తామన్నారు. ఆయన ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. ఇంకొందరు, “అన్నదమ్ములకు లోపల ఏవో తగాదాలున్నాయట,” అన్నారు. వాళ్ళ నోళ్ళు పడ. తగాదాలు! ఒకే కంచంలో తిన్న మనుషులు.

మా అమ్మ ఆయన్ను తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. మాట్లాడటం మానేసింది, అంతే. అదే వాకిలి, అదే కుళాయి. ఆయన ఇంట్లో లేని వేళ చూసుకుని నీళ్ళు పట్టుకునేది. పెదనాన్న డ్యూటీ నుంచి వచ్చి మా గడప ముందు ఆగి గొంతు సవరించుకునేవాడు. “అమ్మడూ, బియ్యం ఉన్నాయేమో మీ అమ్మనడుగు,” అనేవాడు నాతో. లోపల బారెడు దూరంలో ఉన్న అమ్మ, “ఉన్నాయని చెప్పవే,” అనేది నాతోనే. నేను ఇటు తిరిగి, “ఉన్నాయి పెదనాన్నా,” అనేదాన్ని. ఆయన ఇంకాసేపు నిలబడి వెళ్ళిపోయేవాడు. నేను ఉద్యోగంలో చేరాక కూడా ఈ తంతు ఆగలేదు. సెలవులకు ఇంటికొస్తే నాకు మొదటి పని వాళ్ళిద్దరి మధ్య టపా మోయడమే.

భోజనాల దగ్గర ఆయన పక్కన నాన్న కూర్చునే చోటు ఖాళీగా ఉండేది. అక్కడ కూర్చోమని పెద్దమ్మ ఒకసారి నన్ను పిలిచింది. కూర్చున్నాను. ఆయన రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు. పెద్దమ్మ నన్ను మళ్ళీ పిలవలేదు.

ఆ తర్వాత కూడా నదిలో మనుషులు పడుతూనే ఉన్నారు. వాళ్ళవాళ్ళు మెట్లెక్కి వస్తూనే ఉన్నారు. పెదనాన్న ఎప్పటిలాగే కుర్చీ ఇచ్చాడు, నీళ్ళిచ్చాడు, అవే మూడు ప్రశ్నలడిగాడు, ఖాళీ ఉంటే ఆపించాడు. ఎలా ఆపించగలిగాడో నాకు అర్థం కాదు. నేనైతే ఆ గదిలో కాలు కూడా పెట్టలేకపోయేదాన్ని.

నీళ్ళు ఆగినప్పుడల్లా మా అమ్మ నదిలోకి దిగేది. ఎవరి కోసమో వచ్చినవాళ్ళంతా ఒక చోట వెతుకుతుంటే, ఆమె వాళ్ళను దాటుకుని దిగువ మలుపు దాకా నడిచేది. రాళ్ళ కింద గుంటల్లో చేతులు పెట్టి తడిమేది. కొట్టుకొచ్చిన కొమ్మల్ని తిరగేసేది. నేను ఊళ్ళో ఉంటే నన్నూ తీసుకెళ్ళేది. “ఇన్నేళ్ళయ్యాక ఏం దొరుకుతుందమ్మా?” అని ఒకసారి విసుక్కున్నాను. “ఏదో ఒకటి. గుండీ దొరికినా చాలు,” అంది. ఆ రోజు నేనూ చేతులు బురదలో పెట్టాను.

పెదనాన్నకు అది ఉద్యోగంలో ఆఖరి ఏడు. చలికాలం, ఆకాశం నిర్మలంగా ఉంది. రాతి మీద నిలబడి ఫోటో తీసుకుంటూ ఒక కుర్రాడు నదిలో పడ్డాడు. నీళ్ళు ఆపించారు. కుర్రాడు తొందరగానే దొరికాడు. గుడ్డ ఊపారు. వాళ్ళ నాన్న కాబోలు, బిడ్డను ఎవరికీ ఇవ్వకుండా తనే మోసుకుంటూ గట్టెక్కాడు. అందరూ వెళ్ళిపోయారు. మొదటి సైరన్ మోగింది.

అమ్మ మలుపు దగ్గర ఒక రాతి మీద కూర్చుంది.

“లేమ్మా, వెళ్దాం.”

“ఇంకాస్త సేపు.”

“సైరన్ మోగింది కదమ్మా.”

“వినపడింది.”

చెయ్యి పట్టుకుని లాగాను. లేవలేదు. బరువంతా రాతి మీదే ఉంచి కూర్చుంది. నాకు భయమేసి ఫోన్ చేశాను. “పెదనాన్నా, అమ్మ లేవడం లేదు.”

“వస్తున్నా. నేనొచ్చేదాకా గేటు ఎత్తరు. నువ్వు భయపడకు తల్లీ,” అన్నాడు.

ఆయనే వచ్చాడు. తోటి ఆపరేటరుకు మీటలు అప్పజెప్పి, తను చెప్పేదాకా ఏదీ కదపొద్దని చెప్పి, నొప్పుల మోకాళ్ళతో గట్టు దిగి, పాకుడు రాళ్ళ మీద ఒక్కో అడుగూ చూసుకుంటూ వచ్చాడు. మాకు కాస్త దూరంలో ఆగిపోయాడు. గొంతు సవరించుకున్నాడు.

“అమ్మడూ, మీ అమ్మని పైకి రమ్మను.”

నేను నోరు తెరిచేలోపే అమ్మ అంది. “బావగారూ.”

అన్నేళ్ళ తర్వాత ఆ పిలుపు.

“ఒకటడుగుతాను. ఉన్నదున్నట్టు చెప్పండి.”

“అడుగమ్మా.”

“ఆ రోజు నదిలో పడింది మీ తమ్ముడు కాకుండా, ముక్కూ మొహం తెలియని ఇంకెవరో అయ్యుంటే? వాళ్ళావిడొచ్చి నాలాగే అడిగుంటే? ఆ గంట ఆపేవారా?”

ఆపేవాణ్ణి కాదని ఒక్క అబద్ధం చెబితే సరిపోయేది. మా అమ్మ ఎన్నేళ్ళనుంచో ఎదురుచూస్తున్నది ఆ ఒక్క మాట కోసమే అనుకుంటాను. చెప్పమని నేను లోలోపల ఆయన్ను బతిమాలుకున్నాను. ఆయన నది వైపు చూడలేదు, ఆకాశం వైపు చూడలేదు. మొదటిసారి నేరుగా మా అమ్మ మొహంలోకి చూశాడు.

“ఆపేవాణ్ణమ్మా.”

అమ్మ కదల్లేదు.

“ఇంజనీరమ్మ ఆపచ్చంది కదా. ఇంకెవరైనా అయ్యుంటే, గంటే కదా అని ఆపేసేవాణ్ణి. కానీ పడింది వాడు. ఆపాలని నాకెంత ఉందో నాకే తెలుసు. ఆ ఆరాటంలో ఆపచ్చనిపిస్తే, అది నిజంగా ఆపచ్చో, నా తమ్ముడు కాబట్టి అలా అనిపిస్తోందో నాకే తెలియలేదు. నన్ను నేను నమ్మలేకపోయాను. అందుకని వద్దన్నాను.”

“అంటే మీ తమ్ముడై పుట్టడమే ఆయన చేసుకున్న పాపమా?”

“అవునమ్మా,” అన్నాడు పెదనాన్న. “పరాయివాడై ఉంటే బతికేవాడేమో.”

అమ్మ లేచింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, మా ఇద్దరినీ దాటుకుని, వెనక్కి చూడకుండా గట్టు వైపు నడిచింది. నేను ఆమె వెనకే వెళ్ళాను. పైకెక్కాక తిరిగి చూస్తే పెదనాన్న రావడం లేదు. అమ్మ లేచిన రాతి పక్కన, బురదలోనే కూలబడి ఉన్నాడు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నాన్న పోయినప్పుడు ఆయన ఏడవగా నేను చూడలేదు. అదంతా ఇన్నేళ్ళూ లోపలే పెట్టుకున్నాడని నాకు అప్పుడు తెలిసింది.

“పెదనాన్నా! వచ్చెయ్!” అని అరిచాను. వినిపించుకోలేదు. జేబులో ఆయన ఫోన్ మోగుతోంది, పైనుంచి తోటి ఆపరేటరు కాబోలు. తియ్యలేదు. రెండో సైరన్ మోగింది. ఎవరో కంగారుపడి కొట్టి ఉంటారు. ఆయన చెప్పందే గేటు లేవదని తెలుసు, అయినా గట్టు అంచుకు పరుగెత్తాను.

నేను దిగబోతుంటే అమ్మ నన్ను పక్కకు తోసింది. తనే దిగింది. రాళ్ళ మీద జారుతూ, తూలుతూ ఆయన దగ్గరికి వెళ్ళి నిలబడింది. నేను కూడా వెనకే వెళ్ళాను, మాటలు వినపడేంత దగ్గరికి.

“లేవండి.”

“నువ్వెళ్ళమ్మా. నన్ను కాసేపు వాడి దగ్గర ఉండనీ.”

“నేను మిమ్మల్ని క్షమించలేదు. ఎప్పటికీ క్షమించను.”

“వద్దమ్మా. క్షమించొద్దు.”

అమ్మ వంగి, బురద పట్టిన ఆయన చెయ్యి తన రెండు చేతులతో పట్టుకుంది. లాగింది. ఆయన లేవలేకపోతే ఇంకా గట్టిగా లాగింది.

“లేవండి బావగారూ. ఇంకొకళ్ళని వెతికే ఓపిక నాకు లేదు.”